వదులు

జనవరి 11

ఈయనగారి యూనిఫాం ప్యాంటు మళ్ళీ వదులు చేశాను. భోంచేసి ఒరిగి, గుర్రు మొదలవ్వగానే, తలుపు వెనక తగిలించిన ప్యాంటు తీసుకొచ్చి, వెనక నడుం దగ్గర కుట్టు విప్పి, లోపల మడిచి ఉంచిన గుడ్డలోంచి ఓ వేలెడు బయటికి వదిలి, మళ్ళీ కుట్టి, ఇస్త్రీ చేసి ఎక్కడిదక్కడే తగిలించాను. లేచి తొడుక్కున్నాడు. అద్దం ముందు అటు తిరిగి ఇటు తిరిగి, "చూశావా, పెళ్ళినాటి నడుము. డిపోలో నా వయసు డ్రైవర్లందరికీ స్టీరింగు పొట్టకి తగులుతోంది" అన్నాడు. "మీకేం, మహారాజులు" అన్నాను.

చెప్తే ఊరుకునే మనిషైతే చెప్పేదాన్నే. లావయ్యానని తెలిస్తే తిండి మానేస్తాడు. బస్సులో ఎవరో కుర్రాడు "పెద్దాయనా" అన్నాడని ఇంటికొచ్చి మీసానికి రంగేసుకున్న ఘనుడు.

పెళ్ళైన కొత్తలో మా ఆడపడుచు వచ్చినప్పుడల్లా "ఏం వదినా, మా అన్నయ్యని ఎండబెడుతున్నావా" అనేది. నవ్వుతూనే అనేది, అయినా గుచ్చుకునేది. ఎంత పెట్టినా ఈయనకి ఒక్క ముద్ద ఒంటికి పట్టేది కాదు. ఇన్నాళ్ళకి ఒళ్ళు చేస్తున్నాడు. ముందుగదిలో మిషను పెట్టుకుని జనాల బట్టలు బిగించడం, వదులు చెయ్యడం తప్ప ఇంకో పని ఎరగను నేను. ఈ వీధిలో ఎవరు బలిశారో ఎవరు చిక్కారో వాళ్ళింట్లోవాళ్ళకంటే ముందు నాకు తెలిసిపోతుంది. సొంత మొగుడు ఒళ్ళు చేస్తే నాకు తెలీకపోతుందా. ఆవిడ ఒకసారి వచ్చి చూస్తే బాగుండు.

జనవరి 20

కూరగాయలకి కలిసి వెళ్ళాం. ఎన్నడూ లేనిది ప్రతి కొట్టు ముందూ ఆగుతున్నాడు. ఇనపసామాన్ల కొట్టు ముందు నిలబడి తలుపు గడియలు చూశాడు. తర్వాత కళ్ళజోళ్ళ కొట్టు. ఆ తర్వాత ఖాళీగా మూసున్న కొట్టు ముందు కూడా ఆగాడు. "అందులో ఏముందని చూస్తున్నారు" అంటే "అద్దెకిస్తారేమోనని" అన్నాడు. "నడవండి, పెళ్ళిచూపులకొచ్చినట్టు ఆ నడకేంటి" అని విసుక్కున్నాను.

సంచి నాకిచ్చేశాడు. నేనే అడిగి తీసుకున్నానని చెప్పుకుంటున్నాను గానీ, ఆయనే ఇచ్చాడు.

ఫిబ్రవరి 1

సాక్సులు విప్పితే కాళ్ళ మీద గాడిపడినట్టు గీతలు. ఈ మధ్య వచ్చే సాక్సులన్నీ నాసిరకమే, ఎలాస్టిక్కు పీక పిసికినట్టు పట్టేస్తుంది. అన్ని జతలకీ పైన ఎలాస్టిక్కు కత్తిరించి పారేశాను. ఇప్పుడు హాయిగా ఉంది అన్నాడు.

రెండు దిండ్లు చాలట్లేదట. మూడోది కూడా లాక్కున్నాడు. నా దిండే. "చదునుగా పడుకుంటే ఎవరో గుండెల మీద కూర్చున్నట్టుంది" అన్నాడు. "నేను కాదు, నేనిక్కడున్నాను" అన్నాను. నవ్వబోయి దగ్గాడు.

ఫిబ్రవరి 9

వదులు చేశాను. మళ్ళీ.

ఫిబ్రవరి 15

రాత ఎలా వస్తే అలా రానీ.

పొద్దున డిపోలో బస్సెక్కబోయి రెండో మెట్టు మీద ఆగిపోయాడట. పైకీ లేదు, కిందికీ లేదు. కడ్డీ పట్టుకుని నోరు తెరిచి గాలి కోసం చూస్తున్నాడట. ఆయన బస్సు కండక్టరే ఆసుపత్రికి తీసుకెళ్ళి నాకు ఫోను చేశాడు. "వదినా, కంగారుపడకు, కూర్చున్నాడు, మాట్లాడుతున్నాడు" అన్నాడు. కంగారుపడకు అంటేనే నా గుండె జారిపోయింది. టేపు మెళ్ళో వేలాడుతుండగానే పరిగెత్తాను.

డాక్టరుగారు పెద్దాయన, నెమ్మది మనిషి. ఈయన కాలి మీద బొటనవేలు పెట్టి నొక్కారు. వేలు తీశాక కూడా గుంట అలాగే ఉంది, తడి పిండిలో నొక్కినట్టు. అంత గుంట పడుతుందని నాకు తెలీదు. ఎప్పుడూ నొక్కి చూడలేదు.

"ఈ వాపు ఎన్నాళ్ళ నుంచి?"

"ఈ వారం నుంచేనండీ" అన్నాడు ఈయన.

"బరువు పెరిగారా? ఈ మధ్య బట్టలు బిగుతయ్యాయా, ముఖ్యంగా నడుం దగ్గర?"

"లేదండీ. పోయినేటి ప్యాంటే ఇది. పెళ్ళినాటి నడుమండీ నాది."

డాక్టరుగారు రాసుకున్నారు. నేను పక్కనే స్టూలు మీద కూర్చుని ఉన్నాను. మెళ్ళో టేపుంది. నోట్లో నాలుక కూడా ఉంది, ఊరంతటినీ కడిగేసే నాలుక. కదల్లేదు.

ఫిబ్రవరి 16

గుండె స్కాన్ తీశారు. ఆ మిషను దగ్గరుండే పిల్ల మా అమ్మాయి ఈడుది. నన్ను బయట నిలబెట్టకుండా లోపలికి రానిచ్చింది. "చూస్తారా ఆంటీ" అని తెర నా వైపు తిప్పింది. బూడిదరంగులో ఏదో ముడుచుకుంటోంది, విచ్చుకుంటోంది.

"అదిగో, పిండింది. ఇప్పుడు వదులుతోంది, చూడండి. పై గదికీ కింది గదికీ మధ్య రెండు రెక్కలున్నాయి, తెరుచుకున్నాయా? రక్తం కిందికి దిగుతోంది. ఆఖర్న పై గది ఒక తోపు తోస్తుంది, మిగిలింది కూడా దిగుతుంది. అప్పుడు రెక్కలు మూసుకుంటాయి. మళ్ళీ పిండుతుంది."

గుండె అంటే కొట్టుకునేదే అనుకున్నాను ఇన్నేళ్ళూ. ఆ మాటే అన్నాను. "కొట్టుకోవడం చిటికెలో అయిపోతుందాంటీ. ఎక్కువసేపు దాని పని నిండడమే" అంది.

"మరి ఈయనది?"

"డాక్టరుగారు చెప్తారు" అని తెర మళ్ళీ తన వైపు తిప్పేసుకుంది. అప్పుడే తెలిసింది నాకు.

డాక్టరుగారు కూర్చోబెట్టి చెప్పారు. "పిండడం బాగుంది. అరవై శాతం పిండుతోంది."

"అరవయ్యేనా" అన్నాను.

"ఎవరి గుండే వంద పిండదమ్మా. అరవై మామూలే. బాగోనిది నిండడం."

పిండడమా, నిండడమా అని రెండుసార్లు అడిగాను. బట్టలుతికేచోట మాట్లాడుకుంటున్నట్టుంది. ఆయన విసుక్కోలేదు. "ఏళ్ళ తరబడి బీపీ ఉంది కదా, గుండె గోడ దళసరెక్కింది, గట్టిపడింది. పిండాక వదులవ్వాలి. వదులైతేనే లోపలికి రక్తం దిగేది. ఈయనది వదులవ్వట్లేదు. లోపల చోటు లేక వెనక్కి తన్నుతోంది. ఊపిరితిత్తుల్లో నీరు, కాళ్ళలో నీరు, పొట్టలో నీరు."

పొట్టలో అన్నప్పుడు నేను నా చేతులు చూసుకున్నాను.

సాయంత్రం కండక్టరు చూడ్డానికొచ్చాడు. ఈయన మంచం మీద మూడు దిండ్లకి ఆనుకుని మహా దర్జాగా, "ఏం లేదురా, డాక్టరు నా గుండె గట్టిదన్నాడు. నిండా అరవై మార్కులేశాడు" అన్నాడు. కండక్టరు "నీ గుండె గట్టిదని మాకు తెలీదా అన్నా" అని సంతోషంగా వెళ్ళిపోయాడు. రేపు డిపో అంతా ఇదే చెప్పుకుంటారు. గట్టిపడిందన్న మాట విని గట్టిదని అర్థం చేసుకున్నాడో, అర్థమయ్యే అలా అన్నాడో నాకు తెలీలేదు. అడగలేదు.

ఫిబ్రవరి 17

బట్టలు బిగుతయ్యాయా అని డాక్టరుగారు అడిగింది ఆయన్ని. నన్ను కాదు.

ఫిబ్రవరి 18

డాక్టరుగారు వచ్చినప్పుడు చెప్దామనుకున్నాను. వెంట నలుగురున్నారు. అంతమందిలో ప్యాంటు సంగతేం మాట్లాడతాం.

ఫిబ్రవరి 22

ఇంటికి తెచ్చాం. నీళ్ళు తీసే మాత్రలు ఇచ్చారు. వేసుకున్న దగ్గర్నుంచి బాత్రూముకీ గదికీ మధ్య తిరగడమే. "రూటు బస్సైపోయాను నేను. స్టాపులు రెండే" అంటున్నాడు.

పొద్దున ప్యాంటు తొడుక్కుని హాల్లోకొచ్చాడు. నడుం దగ్గర గుప్పెడు గుడ్డ పట్టుకుని నిలబడ్డాడు. వదిలితే జారిపోయేట్టుంది. "ఇదేంటే, ఇంత చిక్కిపోయానా" అన్నాడు. మొహం చూస్తే జాలేసింది. "ఆసుపత్రి తిండి, ఉప్పూ కారం లేకుండా" అన్నాను. "పెళ్ళినాటికంటే సన్నబడ్డానన్నమాట" అని కాస్త సంతోషించాడు కూడా.

ఆ గుప్పెడు గుడ్డా నేను వదిలిందే. ఒళ్ళు చేశాడని మురిసిపోయిందంతా నీరే. నా చేతి తిండీ కాదు, నా మొహమూ కాదు. మాత్రలేస్తే బాత్రూములో పోయింది. ఆడపడుచు వచ్చి చూడాలని కోరుకున్నాను నేను.

ఎవరైనా వచ్చి, 'నడుం దగ్గర బిగుతైంది, ప్రతి నెలా వదులు చెయ్యమ్మా' అంటే, 'ఏంటండీ, ఒంట్లో బాగుందా' అని అడిగేదాన్ని. పై వాళ్ళైతే అడిగేదాన్ని. ఆయన బిగుతని ఒక్కసారి అన్నా భయపడేవాడు, డిపో డాక్టరుకి చూపించుకునేవాడు. బిగుతనిపించే అవకాశమే ఇవ్వలేదు నేను.

మార్చి 2

చెప్పేశాను. అమ్మాయికి షాపులో సెలవు దొరికితే ఈయన దగ్గర కూర్చోబెట్టి ఒక్కదాన్నే వెళ్ళాను. డాక్టరుగారు ఒక్కరే ఉన్నారు.

"ప్యాంటు నేనే వదులు చేస్తూ వచ్చానండీ. ఆయనకి తెలీదు."

"ఎప్పట్నుంచి?"

"పోయిన వానల ముందు నుంచి."

పెన్ను కింద పెట్టారు. తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది. "ముందే తెలిసుంటే మందులు ముందే మొదలుపెట్టేవాళ్ళం" అన్నారు.

"మొదలెడితే వదులయ్యేదా?"

"గుండెని వదులు చేసే మందు నా దగ్గర లేదమ్మా. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. నీళ్ళు తీస్తాం. బీపీ దించుతాం. వేగం తగ్గించే మాత్ర ఇస్తాం. కొట్టుకునేదానికీ కొట్టుకునేదానికీ మధ్య ఎడం పెరిగితే, అది నిండడానికి ఇంకాస్త టైము దొరుకుతుంది. అంతే మన చేతిలో ఉంది. ఆయన్ని మాత్రం తొందరపెట్టొద్దు. కంగారుపడితే గుండె పరిగెడుతుంది, పరిగెడితే నిండదు."

అంటే నా వల్ల పోయింది ఎంతో డాక్టరుగారికీ తెలీదు. కొంత అని చెప్పినా దానికి ఏడ్చుకునేదాన్ని. ఏమీ లేదని చెప్పినా ఊపిరి పీల్చుకునేదాన్ని. రెండూ చెప్పలేదు.

మార్చి 5

తొందరపెట్టొద్దట. పెళ్ళైన దగ్గర్నుంచి నేను చేసిందే అది. లేవండి, తెమలండి, తినండి, బస్సు మీ కోసం ఆగుతుందా, మీరే డ్రైవరైతే మాత్రం. ఇప్పుడు నోరు కుట్టేసుకుని తిరుగుతున్నాను. చొక్కా గుండీ పెట్టుకోడానికి ఆయనకి ఎంతసేపు పడితే అంతసేపు గోడ వైపు చూస్తూ నిలబడుతున్నాను.

మార్చి 9

పొద్దున కాఫీ చల్లారిపోయింది. నేనేమీ అనలేదు. కప్పు పక్కన పెట్టి, "ఏమే, నేను చచ్చిపోతున్నానా" అన్నాడు.

"అవేం మాటలు?"

"నాలుగు రోజులైంది నువ్వు నన్ను తిట్టి. డాక్టరు నీకేదో చెప్పాడు. నాకు చెప్పలేదు."

"తిట్టొద్దన్నారు. కంగారుపెట్టొద్దన్నారు."

"నువ్వు తిట్టకపోతేనే నాకు కంగారు. ఇల్లు ఇల్లులా లేదు. కాస్త నెమ్మదిగా తిట్టు, ఎడం ఎడంగా."

నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే ఏడుపు తన్నుకొచ్చింది. అప్పుడే చెప్పేశాను, ప్యాంటు సంగతి మొత్తం. గుర్రు పెట్టగానే తియ్యడం, విప్పడం, కుట్టడం, ఇస్త్రీ. ఎన్నిసార్లు అని అడిగాడు. రెండు మూడుసార్లు అన్నాను. అంతకంటే ఎక్కువే. అది కూడా నా నోట రాలేదు.

కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు. కోపమొచ్చిందనుకున్నాను. రావాల్సిందే.

"అంటే పెళ్ళినాటి నడుము కాదన్నమాట" అన్నాడు.

"కాదు."

"డిపోలో ఎవరికీ చెప్పకు."

అంతే అన్నాడు. ప్రాణం సంగతి అడగలేదు. కప్పు నా చేతికిచ్చి, వేడి చేసి తెమ్మన్నాడు. "వేడిగా ఉన్నప్పుడు తాగి చావచ్చుగా" అన్నాను. "ఆ, ఇప్పుడు బాగుంది" అన్నాడు.

మార్చి 16

రెండు రోజులు బాగున్నాడు. వీధి చివరిదాకా నడిచాడు. నేను కొట్ల ముందు ఆయనకంటే ముందే ఆగాను. గడియలన్నీ ఇద్దరం చూశాం. ఇనపసామాన్లాయన ఏం కావాలమ్మా అని బయటికొచ్చాడు, ఏం చెప్పాలో తెలీక ఒక గడియ కొన్నాం.

మార్చి 24

మళ్ళీ ఆసుపత్రి. పొద్దున్నే గుండె దడదడలాడి, చెమటలు పట్టి, మాట రాలేదు.

స్కాన్ పిల్ల ఈసారి తెర తిప్పలేదు. నేనే వెనక్కి వెళ్ళి చూశాను. అడిగితే చెప్పింది. పై గది తోయడం మానేసిందట. ఉత్తినే వణుకుతోందట. ఆ ఆఖరి తోపు కూడా లేకపోతే ఈయన గుండెలోకి దిగేది ఇంకెంత. అది నేను అడగలేదు, ఆ పిల్లా చెప్పలేదు. నా భుజం మీద చెయ్యేసి, "ఆంటీ, మీరేమైనా తిన్నారా" అంది.

మార్చి 30

ఇంటికెళ్ళిపోదాం అంటున్నాడు. డాక్టరుగారు సరే అన్నారు. సరే అని అంత తేలిగ్గా ఎందుకన్నారో ఆటోలో కూర్చున్నాక అర్థమైంది. దిగాక ఈయనకి చెప్పలేదు. ఈయన కూడా నాకేం చెప్పలేదు.

ఏప్రిల్ 2

పడుకోలేడు. మూడు దిండ్లు కాదు, ఆరు పెట్టినా పడుకోలేడు. ముందుగదిలో కుర్చీ వేసి, నా కత్తిరింపు బల్ల మీద దిండు పెడితే దాని మీదికి వాలి కూర్చుంటున్నాడు. బేరాలు రావద్దని తలుపు దగ్గరగా వేశాను. ఆయనే తియ్యమన్నాడు, వీధి కనిపించాలట.

నాకేం చేతకావట్లేదు. చొక్కా పై గుండీలు విప్పాను. గడియారం పట్టా ఒక కన్నం వదులు చేశాను. పైజామా బొందు తీసి మెత్తటి గుడ్డతో కట్టాను. కిటికీలు తెరిచాను. చేతికందినవన్నీ వదులు చేశాను. వదులవ్వాల్సిందొక్కటీ లోపలుంది. నేనిక్కడ కత్తెరా టేపూ పెట్టుకుని దాని పక్కన కూర్చున్నాను.

ఏప్రిల్ 4

వీపు మీద చెయ్యి పెడితే తెలుస్తుంది. ఎముకల మధ్య, ఎడమవైపు. మొదట్లో కొట్టుకుని ఆగినప్పుడల్లా నా ప్రాణం గొంతులోకొచ్చేది, మళ్ళీ కొట్టుకుంటుందా లేదా అని. ఇప్పుడు తిరగబడింది. గబగబా కొట్టుకుంటుంటేనే భయం. ఆగితే ధైర్యం. ఆగిందంటే నిండుతోందన్నమాట. మాత్ర వేసిన గంటకి ఎడం పెరుగుతుంది. 'నిండు, నిండు' అనుకుంటూ కూర్చుంటున్నాను. పసిపిల్లకి ముద్దలు పెడుతున్నప్పుడు మన నోరు కూడా తెరుచుకుంటుందే, అలాగుంది నా అవస్థ.

అమ్మాయి వచ్చి నువ్వు కాసేపు నడుం వాల్చమ్మా అంటుంది. నేను వాలిస్తే అది సరిగ్గా పట్టించుకోదేమోనని. ఏం పట్టించుకోవాలో నాకూ తెలీదు.

ఏప్రిల్ 5

ఎండగా ఉంది. బల్ల మీదకి ఎండ పడితే కుర్చీ కాస్త జరిపాను. ఇవాళ నాలుగు మాటలు మాట్లాడాడు. బస్సు రూటు మార్చారా అని అడిగాడు. తెలీదన్నాను.

ఏప్రిల్ 8

మొన్న. మధ్యాహ్నం అంటున్నారు అందరూ. సాయంత్రం అని అమ్మాయి అంటోంది. నాకు తెలీదు.

భోజనం వద్దన్నాడు. రెండు చెంచాల మజ్జిగ తాగాడు. అమ్మాయి షాపుకెళ్ళింది. నేను పక్కన స్టూలు వేసుకుని వీపు మీద చెయ్యి పెట్టి కూర్చున్నాను. "నీ మిషను కుట్టుకోవే, ఆ చప్పుడుంటే బాగుంటుంది" అన్నాడు. "చెయ్యి తీస్తే కదా కుట్టేది" అన్నాను. "అయితే వద్దులే" అన్నాడు. దిండు మీద మొహం ఇటు తిప్పి పెట్టుకున్నాడు.

కొట్టుకుంది, ఆగింది. కొట్టుకుంది, ఆగింది. ముందురోజుకంటే ఎడంగా ఉంది. మాత్ర బాగా పనిచేస్తోందనుకున్నాను. ఊపిరి కూడా నెమ్మదించింది, ఆ గురగుర లేదు. ఇన్నాళ్ళలో అంత తెరిపిగా నేనెప్పుడూ చూడలేదు. మనసు కుదుటపడింది నాకు, నిజంగా పడింది.

కొట్టుకుంది. ఆగింది.

తొందరపెట్టొద్దన్నారు కదా. నేను తొందరపెట్టలేదు. వీధిలోంచి ఎవరో ఒకావిడ సంచిలో బట్టలు పట్టుకుని గుమ్మంలోకొచ్చింది, నోటి మీద వేలు పెట్టి తర్వాత రమ్మని సైగ చేశాను. వెళ్ళిపోయింది. ఎండ బల్ల మీంచి కిందికి దిగింది. కాలు తిమ్మిరెక్కింది, కదపలేదు.

అమ్మాయి వచ్చింది. చెప్పులు విప్పుతూ ఏదో చెప్తోంది. ఆగిపోయింది. నాన్న మొహం చూసింది. నా పక్కన నేల మీద కూర్చుని, నా మణికట్టు పట్టుకుంది.

"అమ్మా, చెయ్యి తియ్యి."

"ఉండవే, నిండుతోంది" అన్నాను.